గోడ యావలి శాస్త్రము

నాగోలునుండి అమీరుపేటకు బోవు మెట్రోరైలు ఉప్పలు, స్టేడియము దాటిన పిమ్మట ఒక స్టేషనులో నిలుచును. దాని పేరు ఎన్.జి.ఆర్.ఐ. 2017వ సంవత్సరము నవంబరులో ఈ మార్గము తెఱచిననాటినుండి ప్రతిదినమును జనులు ఈ నాలుగక్షరములను వినుచున్నారు. కచేరీలకు బోవువారును, కళాశాలలకు బోవు బాలికలును, నాచారపు కర్మాగారములలో పని ముగించుకొని యిండ్లకు మరలువారును, అందఱును ఈ పేరు నెఱుగుదురు. ఆ పేరుగల భవనములలో నేమి జరుగుచున్నదని యడిగినచో జవాబు చెప్పగలవా రెందఱు? స్టేషను మెట్లు దిగి కొంత నడచిన ఆ సంస్థయొక్క ప్రహరీగోడ కానవచ్చును. పేరు గోడదాటి వీథిలోనికి వచ్చినది. విద్య మాత్రము చాలవఱకు గోడ లోపలనే నిలిచిపోయినది.

ఈ వ్యాసమున నేను విచారింపదలచిన విషయ మిదియే. గ్రహములనుగూర్చిన నవీనశాస్త్రము మన తెలుగుదేశమునకు వచ్చి నూటయేబది సంవత్సరములు దాటినది. వేధశాలలు కట్టబడినవి, దూరదర్శినులు సీమనుండి దింపబడినవి, ప్రపంచము మెచ్చిన పరిశోధనలు మన నేలమీదనే జరిగినవి. అయినను గ్రహణము పట్టినదినమున గర్భవతియగు కోడలిని చీకటిగదిలో గదలకుండ బరుండబెట్టుటయు, ఆమెకు గ్రుక్కెడు మంచినీరైన నీయకుండుటయు, ఇత్తడిపళ్లెరములో నీళ్లు పోసి రోకలి నిలబెట్టి అది నిలిచియున్నంతవఱకు గ్రహణము విడువలేదని నమ్ముటయు చదువుకొన్న యిండ్లలోనుండి సైతము పోలేదు. శాస్త్రము మనదేశమునకు రాకపోవుటవలన నిట్లయినదా? వచ్చియు మనయింటి గడప దాటకపోవుటవలన నయినదా? పూర్వచరిత్రను పరిశీలించినచో రెండవదియే నిజమని తోచుచున్నది.

మొదట 1868వ సంవత్సరమునకు బోవుదము. ఆ సంవత్సరము ఆగస్టు 18వ తేదీన సంపూర్ణసూర్యగ్రహణము మన దేశముమీదుగా నడచెను. ఫ్రాన్సుదేశపు శాస్త్రజ్ఞుడు జాన్సెను గుంటూరునకు వచ్చెను. ఆంగ్లేయుడగు టెన్నెంటును గుంటూరులోనే మకాము చేసెను. మద్రాసు వేధశాలాధికారియగు పాగ్సను మచిలీపట్టణమునకు బోయెను. ఆ వేధశాలలోనే సహాయకుడుగానున్న చింతామణి రఘునాథాచార్యులు నిజాము రాజ్యమునందలి వనపర్తికి పరిశీలకబృందముతో వచ్చెను. సూర్యబింబము చంద్రునిచే గప్పబడిన ఆ కొద్ది నిమిషములలో సూర్యుని యంచున లేచు జ్వాలల వెలుగును వర్ణపటదర్శినిచే విడదీసి చూచిరి. ఆ పసుపుపచ్చని గీత అంతవఱకు భూమిమీద దెలిసిన యే పదార్థమునకును జెందినది కాదని పిమ్మట దేలెను. హీలియమను మూలద్రవ్యముయొక్క చరిత్ర అట్లు ప్రారంభమైనది. గుంటూరు పేరు ప్రపంచ శాస్త్రగ్రంథములలో నెక్కినది. ఆ యుదయమున గుంటూరువీథులలోని గృహస్థులకు మాత్రము ఆ గుడారములలోని పరదేశీయులు ఏమి చూచుచున్నారో చెప్పవలెనను తలంపు చరిత్రలో నెక్కడను గానరాదు. ఆకాశము అందఱిదియే, నేల మనది, జ్ఞానము పరులది.

ఈ లోపమును మొదట గుర్తించినవాడు పైన జెప్పిన రఘునాథాచార్యులే. ఆయన సంప్రదాయజ్యోతిషకుటుంబమున బుట్టి, చిన్నవయస్సుననే మద్రాసు వేధశాలలో బ్రవేశించి, కాంతి మాఱుచుండు తారలను గనిపెట్టిన పండితుడు. 1872లో లండనులోని రాజకీయ ఖగోళసమాజమున సభ్యత్వమును బొందెను. 1874వ సంవత్సరము డిసెంబరు 9వ తేదీన శుక్రగ్రహము సూర్యబింబమున కడ్డముగా నడచునని తెలిసినప్పుడు, ఐరోపాదేశములు గొప్ప వ్యయముతో పరిశీలకులను దేశదేశములకు బంపుచుండగా, ఈయన మఱియొక పని పెట్టుకొనెను. ఆ సంక్రమణమన నేమి, దానిని జూచి భూమికి సూర్యునకు గల దూరమును లెక్కించు టెట్లు అను విషయమును సామాన్యజనుల కెఱిగించుటకై చిన్నపుస్తకము వ్రాసి ఇంగ్లీషులోను, కొన్ని దేశభాషలలోను బ్రకటించెను. అందలి రచన సంభాషణరూపమున నుండుట గమనింపదగినది. పాతపద్ధతి నెఱిగిన సిద్ధాంతి ప్రశ్నలడుగును. నూతనశాస్త్ర మెఱిగినవాడు సమాధానము చెప్పును. సిద్ధాంతిని పరిహసించుట యందు లేదు. ఆయన తెలిసిన గణితమునుండియే మొదలుపెట్టి ఒక్కొక్క మెట్టుగా కొత్తగణితమునకు దీసికొనిపోవుటయే యున్నది.

శాస్త్రప్రచారము చేయదలచినవారు ఈ పద్ధతిని నేటికిని గుర్తుంచుకొనవలెను. వినువానిని మూఢుడని మొదటిమాటలోనే పిలిచినచో వాడు రెండవమాట వినడు. ఆచార్యులు పంచాంగమును దూషింపలేదు. కంటికి గానవచ్చుదానితో సరిపోవునట్లు పంచాంగమును దిద్దవలెనని కోరెను, తానును దిద్దెను. ఆ 1874వ సంవత్సరమునందే విశాఖపట్టణమున అంకితము వేంకట నరసింగరావుగారు తమ సొంత వేధశాలలోనుండి శుక్రసంక్రమణమును బరిశీలించిరి. ఆ వేధశాలను 1840 ప్రాంతమున గోడే వేంకట జగ్గారావుగారు తమ సొంత ధనముతో నెలకొల్పిరి. అనగా ధనము, పాండిత్యము, ఉత్సాహము ఈ మూడును తెలుగువారి కప్పటికే కలవు. లేనిదల్లా ఆ జ్ఞానమును వీథిలోనికి దెచ్చు దారియే.

ఇక హైదరాబాదునకు వత్తము. 1901వ సంవత్సరమున నవాబు జఫరుజంగను నొక ప్రభువు సీమనుండి పదునైదంగుళముల దూరదర్శినిని దెప్పించి ఫిసల్‌బండలోని తన యెస్టేటులో వేధశాలను స్థాపించెను. 1907లో ఆయన మరణించిన తరువాత 1908లో నిజాము ప్రభుత్వము దానిని స్వీకరించి బేగంపేటలోని గుట్టమీదకు మార్చెను. అప్పటికి ప్రపంచమునందలి వేధశాలలన్నియు ఆకాశమును భాగములుగా బంచుకొని ఛాయాచిత్రములు దీసి నక్షత్రపట్టిక సిద్ధపఱచుచుండెను. దక్షిణామెరికాలోని సాంటియాగో వేధశాల చేయజాలక విడిచిన భాగమును నిజామియా వేధశాల గైకొని పూర్తిచేసెను. పిమ్మట జర్మనీదేశపు పాట్స్‌డాము వేధశాలకు జెందిన భాగములో గొంత కూడ జేసెను. పండ్రెండు సంపుటములలో ఏడున్నరలక్షలకు బైగా నక్షత్రముల స్థానములు గుర్తింపబడినవి. కంప్యూటరులేని కాలమున గుమాస్తాలు రాత్రింబవళ్లు లెక్కలు వేసి సాధించిన కార్యమిది. హైదరాబాదు చరిత్రలో దీనికి దగిన స్థానము నేటికిని లభింపలేదు.

ఆ గుట్టక్రింద నివసించు జనులకు గుట్టమీద నేమి జరుగుచున్నదో తెలిసెనా? సంపుటము లింగ్లీషులో నచ్చయ్యెను. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు మరుసటి సంవత్సరమే ఈ వేధశాల యప్పగింపబడినది. ఆ విశ్వవిద్యాలయము దేశభాషలో, అనగా ఉర్దూలో, గణిత భౌతిక రసాయనశాస్త్రములన్నిటిని బోధింప సాహసించెను. అందుకై 1917లోనే అనువాదశాఖ యేర్పడి శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి దింపసాగెను. దేశభాషలో ఉన్నతశాస్త్రము చెప్పుట యసాధ్యమని వాదించువారికి ఇది ప్రత్యక్షముగా జవాబు. కాని రాజ్యములో నధికసంఖ్యాకుల మాతృభాషయగు తెలుగునకు ఆ యదృష్టము పట్టలేదు. ఉప్పలు నాచారము లప్పటికి నగరమునకు వెలుపలి పల్లెలు. బేగంపేటగుట్ట వారికి పది మైళ్ల దూరమున నుండినను నూఱు యోజనముల దూరముననున్నట్లే.

ఈ దూరము మాయమైనచో నేమి జరుగునో తెలుపుట కొక్క నిదర్శనము చాలును. నిజామియా వేధశాలలో ఉద్యోగియైన యొకరి కుమారుడు తండ్రితోపాటు ఆ దూరదర్శినుల నడుమ పెరిగి, హైదరాబాదు నిజాము కళాశాలలో జదివి, 1949లో అమెరికాలోని హార్వర్డునందుండగా నొక తోకచుక్కను గనిపెట్టెను. ఆయనయే వైణు బాప్పు. పిమ్మట ఆయన మనదేశపు ఖగోళశాస్త్రమునకు దిక్కుచూపి, 1979లో అంతర్జాతీయ ఖగోళసంఘమున కధ్యక్షుడయ్యెను. ఆ బాలుని ప్రతిభను నేను తక్కువ చేయను. కాని ప్రతిభ వేధశాలా గుమాస్తాల యిండ్లలో మాత్రమే పుట్టునా? గోడకీవల, గుట్టక్రింద, అంతటి బుద్ధిమంతులగు బాలురును, అంతకంటె ముఖ్యముగా బాలికలును, ఎందఱు దూరదర్శినిని ఒక్కసారియైన జూడక జీవితము గడపిరో ఎవరు లెక్కించిరి? నక్షత్రములను ఏడున్నరలక్షలు లెక్కించినాము, వీరిని లెక్కింపలేదు.

తెలుగుభాషలో శాస్త్రము చెప్పు ప్రయత్నము ఆ నగరమునందే మఱియొక దారిని నడచెను. 1906లో హైదరాబాదున రావిచెట్టు రంగారావు, కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు మున్నగువారు విజ్ఞానచంద్రికామండలిని స్థాపించిరి. 1908లో అది మద్రాసునకు మాఱినను, చరిత్ర, ప్రకృతిశాస్త్రములను సులభమగు తెలుగులో గృహస్థుల చేతికందించిన ఘనత దానిదే. మన పితామహులలో బెక్కురు ఆ పుస్తకములు చదివియే భూమి గుండ్రముగా నున్నదని నమ్మిరి. అయినను పుస్తకమునకు నొక పరిమితి కలదు. అది చదువగలవానికే యందును. చదివినదానిని నమ్మించును గాని చూపింపజాలదు. శనిగ్రహమునకు వలయములు గలవని చదివినవాడు జాతకచక్రములో శనిని జూచినప్పుడు మరల భయపడుట మనమెఱుగుదుము. ఒక్కసారి దూరదర్శినిలో ఆ వలయమును గన్నులార జూచినవాడు భయపడినను, ఆ భయమును తానే ప్రశ్నించుకొనును.

చూపింపకుండ జెప్పుటవలన నెంత నష్టము గలుగునో 1980వ సంవత్సరము ఫిబ్రవరి 16వ తేదీన తేటతెల్లమైనది. ఆనాడు మధ్యాహ్నము సంపూర్ణసూర్యగ్రహణపు నీడ కన్నడదేశమునుండి తెలుగుదేశముమీదుగా ఒడిశాతీరమునకు నడచెను. ఉస్మానియా విశ్వవిద్యాలయము హైదరాబాదునకు ఆగ్నేయమున జపాల-రంగాపురములవద్ద స్థాపించిన వేధశాల ఆ దారిలోనే యుండెను. నలువది యెనిమిదంగుళముల దూరదర్శిని గల ఆ స్థలమునకు స్వదేశ విదేశ శాస్త్రజ్ఞులు చేరిరి. అచట రెండు నిమిషములకు బైగా సూర్యుడు పూర్తిగా మఱుగుపడెను. పట్టపగలు చుక్కలు పొడమెను. సూర్యుని చుట్టునున్న కిరీటకాంతి వెల్లివిరిసెను. ఒక మనుష్యుని జీవితకాలములో నొకతావున నిట్టి దృశ్యము లభించుట యపురూపము.

ఆ సమయమున మన పట్టణములలో వీథులు నిర్మానుష్యములయ్యెను. తలుపులు మూసికొని, కిటికీలకు దుప్పట్లు గట్టి జనులు లోపల గూర్చుండిరి. మూఢవిశ్వాసముమాత్రమే దీనికి గారణమని చెప్పి ఊరకుండుట న్యాయము కాదు. గ్రహణమును జూడవలదు, చూచిన కన్నులు పోవును అని చదువుకొన్నవారును, అధికారులును హెచ్చరించుచు వచ్చిరి. జనులు బయటకు రాకుండుటకై ఆ వేళకు దూరదర్శనమున చలనచిత్రమును సైతము ప్రసారము చేసిరి. హెచ్చరికలో సత్యము లేకపోలేదు. పాక్షికగ్రహణ సమయమున సూర్యుని నేరుగ జూచినచో కంటిలోపలి పొర కాలును. కాని చూడవలదని చెప్పినవారు, ఎట్లు చూడవచ్చునో చెప్పలేదు. అట్టముక్కకు సూదితో రంధ్రము చేసి నీడలో సూర్యబింబమును జూడవచ్చుననియు, సంపూర్ణముగ మఱుగుపడిన ఆ కొద్దినిమిషములలో దాని దారిలోనున్నవారు కన్నులతోనే చూడవచ్చుననియు వీథివీథిని జెప్పువారు లేకపోయిరి. శాస్త్రము చెప్పిన జాగ్రత్తయు, అవ్వ చెప్పిన భయమును ఒక్కమాటయే పలికెను: లోపలనుండుము. అప్పుడు అవ్వమాటయే గెలిచినది. శాస్త్రము దానికి సాక్ష్యము చెప్పినట్లయినది.

పదునైదేండ్లు గడచినవి. 1995వ సంవత్సరము అక్టోబరు 24వ తేదీన ఉత్తరదేశముమీదుగా మరల సంపూర్ణగ్రహణము వచ్చెను. ఈసారి ప్రచారము ముందుగానే నడచెను. ప్రజాశాస్త్రసంఘములు గ్రామములకు బోయి సభలు చేసిరి. సురక్షితమగు కండ్లద్దములు పంచిరి. దూరదర్శనము చలనచిత్రమునకు మాఱుగా గ్రహణమునే చూపెను. మన తెలుగుదేశమున 1988లో నేర్పడిన జనవిజ్ఞానవేదిక మొదలగు సంస్థల కార్యకర్తలును ఈ పనిలో బాల్గొనిరి. జనులు వేలసంఖ్యలో బయలుదేరి చూచిరి. అదే సంవత్సరము సెప్టెంబరు 21వ తేదీన, అనగా నెలనాళ్లముందు, వినాయకవిగ్రహములు పాలు త్రాగుచున్నవని దేశమంతట గలకలము పుట్టెనని జ్ఞాపకముంచుకొనవలెను. ఆ ప్రజలే వీరు. నెలదినములలో వారి బుద్ధి మాఱలేదు. వారియొద్దకు వచ్చినవారు మాఱిరి. ప్రజలు శాస్త్రమునకు విరోధులు గారనియు, పిలిచినచో వత్తురనియు దీనివలన దేలుచున్నది.

ఇప్పుడు ఉప్పలుదారికి మరల వత్తము. జాతీయ భూభౌతిక పరిశోధనాసంస్థ 1961లో నేర్పడినది. దానికి సమీపముననే కణజీవశాస్త్ర పరిశోధనకేంద్రమగు సి.సి.ఎం.బి. 1987లో తన నూతనభవనములలో బ్రారంభమైనది. ఉప్పలులో భూమికొలత విద్యను గఱపు సర్వే ఆఫ్ ఇండియావారి శిక్షణాలయము గలదు. ఇటువంటి విద్యాలయములు దగ్గఱదగ్గఱగా నున్నచోట్లు మనదేశమున నరుదు. భూమిని పరిశోధించు సంస్థకు గ్రహములతో నేమి పనియని యెవరైన నడుగవచ్చును. భూమియు గ్రహమే గదా. రాతియందలి యయస్కాంతగుణమును గొలుచుట, నేలలోతున వేడిమి యెంతయో తెలిసికొనుట, భూకంపపు తరంగములచే కంటికి గానరాని లోపలిపొరలను గుర్తించుట, రాతివయస్సును గట్టుట, ఈ విద్యలే రేపు చంద్రునిమీదను, అంగారకునిమీదను పనికివచ్చును. నాచారము, మల్లాపురము, హబ్సిగూడ ప్రాంతములలో నింటి పునాదికి ద్రవ్వగనే తగులు నల్లరాతి బండలు సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటివి. మన వీథిలోని బండకు చంద్రునిమీది కొన్ని శిలలతో బోల్పదగిన ప్రాచీనత గలదని ఆ వీథిలోని బాలునికి జెప్పినవా రెవరు?

2023వ సంవత్సరము ఆగస్టు 23వ తేదీన సాయంకాలము ఆరుగంటలు దాటిన పిమ్మట చంద్రయానము మూడవనౌక చంద్రుని దక్షిణధ్రువప్రాంతమున దిగెను. పాఠశాలలలో బిల్లలకు ఆ దృశ్యమును జూపిరి. ఇంటింట జనులు చప్పట్లు కొట్టిరి. ఆ దినమును జాతీయ అంతరిక్షదినముగా బ్రకటించిరి. ఇది సంతోషింపదగిన విషయమే. కాని మరునాడు ఆ చప్పట్లు కొట్టినవారిని నౌక చంద్రునిమీద నేమి కొలిచెనని యడిగినచో నెందఱు చెప్పగలిగిరి? ఆ నౌక చంద్రుని నేలలోనికి సన్నని సూదివంటి ఉష్ణమాపకమును గ్రుచ్చెను. పైన మన వేసవియెండను మించిన వేడిమి యుండగా, జానెడైన లేని లోతున మంచుకంటె జల్లగా నున్నట్లు తేలెను. చంద్రుని మన్ను వేడిమిని లోపలికి బోనీయదన్నమాట. నౌకలోనే యున్న కంపమాపకము నేలయదరును సైతము గుర్తించెను. వేడిమిని గొలుచుట, కంపమును గొలుచుట: ఉప్పలుదారిలోని సంస్థ భూమిమీద దశాబ్దములుగా జేయుచున్న పనికి ఇది చంద్రునిమీది చెల్లెలు. ఈ సంబంధము దెలిసినప్పుడు గర్వము జ్ఞానముగా మాఱును. తెలియనప్పుడు చప్పట్లు చప్పట్లుగనే మిగులును. జయధ్వానములు చేసినవాడే మరునెల చంద్రగ్రహణమునకు అన్నము వండనీయకుండును.

ఇక్కడ కొందఱు రెండాక్షేపణలు చేయుదురు. మొదటిది, రోజుకూలితో బ్రతుకు నాచారపు కార్మికునకు గ్రహముల ముచ్చట యెందుకు, అతనికి గావలసినది కూలి పెరుగుట గదా యని. కూలి పెరుగవలెననుటలో సందేహము లేదు. కాని శనిదోషము పోగొట్టుదునని చెప్పి ఆతని నెలజీతమును గాజేయువాడు ఆ వీథిలోనే యున్నాడు. కుజదోషమని పేరుపెట్టి ఆతని కూతునకు వచ్చిన మంచిసంబంధమును చెడగొట్టువాడును ఆ వీథిలోనే యున్నాడు. కుజుడనగా నినుపత్రుప్పుచే నెఱ్ఱబడిన యొక చల్లని యెడారియని, దానిచుట్టు 2014నుండి కొన్నియేండ్లు మనదేశపు నౌకయే తిరిగెనని కన్నులార జూచి తెలిసికొనిన తండ్రి, ఆ మాటకు గొంతవఱకైన నెదురు చెప్పగలడు. పేదవానికి శాస్త్రము విలాసముగాదు. వానిని దోచుకొనువారినుండి వానికి రక్ష.

రెండవయాక్షేపణ శాస్త్రజ్ఞులనుండి వచ్చును. పరిశోధన తమ పనియనియు, ప్రచారము తమ పనిగాదనియు వారందురు. 1868నుండి మనము చూచినదంతయు దీనికి సమాధానము. ప్రచారము లేని పరిశోధన గుంటూరులో జరిగినది. అది గుంటూరువారిది కాలేదు. బేగంపేటలో జరిగినది, అది బేగంపేటవారిది కాలేదు. ప్రజలు తమదిగా భావింపని విద్యాలయమునకు ధనము తగ్గించినప్పుడు వీథిలో నెవడును పలుకడు. ప్రజాధనముతో నడచు సంస్థ ప్రజలకు లెక్క చెప్పుట ఎట్లు ధర్మమో, తాను తెలిసికొన్నదానిని జెప్పుటయు నట్లే ధర్మము.

సెప్టెంబరు 26వ తేదీ ఈ సంస్థల మాతృసంస్థ స్థాపితమైన దినము. 1942లో ఆ దినముననే శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనామండలి యేర్పడెను. ఆ సందర్భమున ఉప్పలుదారిలోని పరిశోధనాలయములు తలుపులు తెఱచి విద్యార్థులకును, పౌరులకును బ్రయోగశాలలను జూపు వాడుక కలదు. ఇది మంచి యాచారము. 1985నుండి నౌబతుపహాడు గుట్టమీద బిర్లా ప్లానెటేరియము తెలుగులో సైతము గ్రహములను జూపుచున్నది. అయినను తలుపు తెఱచుటతో సగము పనియే యగును. తెఱచిన తలుపులో బ్రవేశించు ధైర్యము ఇంగ్లీషు పాఠశాలలో జదువు బాలునకు గలిగినంత సులభముగా, వంటయిల్లు విడువలేని గృహిణికిని, రాత్రిపాళి చేసివచ్చిన కార్మికునకును గలుగదు. కావున సగముదారి వారు వచ్చినచో, మిగిలిన సగముదారి శాస్త్రము నడచి రావలెను. నాచారపు పార్కులో, మల్లాపురపు బడిలో, రామంతాపురపు చెఱువుగట్టున సాయంకాలము ఒక చిన్న దూరదర్శినిని నిలుపుట కెంత వ్యయము? నగరపు దీపముల వెలుగులో నక్షత్రములు మఱుగుపడినను, చంద్రుడు, బృహస్పతి, శని మఱుగుపడలేదు. 1610లో గెలీలియో చూచిన బృహస్పతియొక్క నాలుగు చంద్రులను నేటికిని నాచారపు మేడమీదనుండి చూడవచ్చును. మాట తెలుగులో నుండవలెను. అడిగిన ప్రశ్న యెంత చిన్నదైనను నవ్వగూడదు. స్త్రీలు వరుసలో కడపట నిలువగూడదు. రఘునాథాచార్యులు సిద్ధాంతితో మాటలాడినంత మర్యాదగా మనము మన అత్తతో, మన పొరుగింటివారితో, మన పాలవానితో మాటలాడవలెను.

సంస్థలకొఱకు వేచియుండవలసిన పనియు లేదు. ఉప్పలు, నాచారములు భూమధ్యరేఖకు ఉత్తరమున సుమారు 17.4 డిగ్రీల దూరమున నున్నవి. అందుచేత సంవత్సరమునకు రెండుమాఱులు, మే 9, ఆగస్టు 3 తేదీల ప్రాంతమున, మధ్యాహ్నము 12 గంటల 10 నిమిషములకును 25 నిమిషములకును నడుమ సూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చును. అప్పుడు నిలువుగా నిలిపిన వస్తువునకు ప్రక్కనీడ యుండదు. చదువరులారా, ఆ దినమున మీ యింటి రోకలిని ముంగిట నిలువబెట్టుడు. అడుగు చదునుగానున్న రోకలి గ్రహణము లేనిదినమునను నిలుచునని మీ యింటివారెల్లరు మొదట జూతురు. పిమ్మట దాని నీడ క్రమముగా దగ్గి, పాదములోనికి జొచ్చి మాయమగుటను జూతురు. భూమి వంగిన యక్షముతో సూర్యునిచుట్టు తిరుగుచున్నదనుటకు వేఱు సాక్ష్యము వెదుకనక్కఱలేదు. కోడలిని, కూతురిని, అత్తగారిని, పనిమనిషిని పిలిచి చూపుడు. ఎందువలన నని వారడుగుదురు. ఆ ప్రశ్న వారి నోట వచ్చుటయే మనము కోరు ఫలము. మరుసటి గ్రహణమునాడు ఆ కోడలు చీకటిగదిలో దాహముతో బడియుండవలసిన యగత్యము అక్కడనే తగ్గుటకు మొదలిడును.